రేవులో మొదటి వంతు

నరసింగరావు చేసిన పాపాల్లో మొదటిది భూమి. రెండోది హత్య. లోకం రెండోదాన్నే పెద్ద నేరమంటుంది. భూమి పోయినవాళ్ళని అడిగి చూడండి, వరస మారుతుంది.

నరసన్నపేటలో హైవే పక్కన మూడంతస్తుల మేడ. మేడ ముందు తెల్ల కారు. మెడలో పులిగోరు. చేపల లారీలతో మొదలుపెట్టి టవర్ల కాంట్రాక్టుల దాకా ఎదిగాడంటారు. ఎదగలేదు, తిన్నాడు. కళింగపట్నం దాటి ఉత్తరానికి వెళితే దిబ్బలపాలెం అనే చేపల రేవు ఉంది. ఆ రేవు పక్కనే ఒక ముసలి రైతు సరుగుడు తోట మీద నరసింగరావు కన్ను పడింది. "ఐసు షెడ్డు ఏసుకుంటాను తాతా, ఏడాది తిరిగీసరికి కాళీ సేసేస్తాను" అని కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. కాగితంలో ఐసూ లేదు, షెడ్డూ లేదు. 'క్రయం సొమ్ము యావత్తూ ముట్టినది' అని ఉంది. ముసలాయనకి ముట్టింది ఒక గ్లాసు టీ. అదీ చల్లారిన టీ.

ఆయన ఆ దిగులుతోనే పోయాడు. ఆయన కొడుకు త్రినాథ్ అప్పటికే సర్కారు గూఢచారి శాఖలో ఏజెంట్ నైన్‌టీన్. దేశం సరిహద్దులు కాపాడే ఉద్యోగం. ఇంటి తోట సరిహద్దు మాత్రం చేజారిపోయింది.

అది భూమి సంగతి. ఇక హత్య.

నాగబాబు దిబ్బలపాలెం కుర్రాడు, రేవులో పుట్టి ఇంజనీరైనవాడు. త్రినాథ్‌కి చిన్నప్పటి స్నేహితుడు. ఇద్దరూ ఒకరినొకరు 'బావా' అనే పిలుచుకునేవారు. ఒక పొద్దున నరసన్నపేట హైవే పక్కన మోటార్ సైకిల్ ఆపి, త్రినాథ్‌కి ఫోన్ చేసి, ఎత్తకపోయేసరికి వాయిస్ మెయిల్‌లో మెసేజ్ పెడుతున్నాడు. "బావా, నీకో మాట సెప్పాల. ఆళ్ళు ఏం సేసినా, రేవులో పడవలదే మొదటి వంతు. ఎవడొచ్చినా లైన్లో నిలబడాల్సిందే..."

ఆ తర్వాత ఫోన్‌లో హారన్ లేదు. బ్రేకుల చప్పుడు లేదు. నంబరు ప్లేటు లేని నీళ్ళ ట్యాంకర్ ఇంజను మాత్రం గట్టిగా వినిపించింది. తర్వాత ఏమీ లేదు.

యాక్సిడెంట్ అని రాసుకున్నారు. త్రినాథ్ ఆ మెసేజ్‌ని చెరపలేదు.

* * *

విజయనగరం. బస్టాండు వెనక సందులో ఒక జిరాక్స్ సెంటర్.

"రెండు వైపులా తీస్తారా?" అడిగాడు త్రినాథ్.

"ఇంకు ఒక వైపుకే ఉంది" అన్నాడు కౌంటర్ దగ్గరి మనిషి తలెత్తకుండా.

"అయితే వెనక వైపు తీయండి."

కోడ్ సరిపోయింది. కౌంటర్ పలక పైకి లేచింది. వెనక మెట్లెక్కితే ఒక గది, గదిలో ధనలక్ష్మి. శాఖకి ఉత్తరాంధ్ర చీఫ్. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంటుంది. ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు, పెంచే అవసరం రాలేదు.

"కూర్చో. నాగబాబు తయారుచేసిన బాక్స్ పేరు రేవు. అదేం చేస్తుందో తెలుసా?"

"వేగం పెంచుతుందని తెలుసు."

"ఎలా పెంచుతుందో తెలియాలి. ఈ ఆపరేషన్ అంతా దాని మీదే ఉంది." ఆవిడ టేబుల్ మీద ఒక వైరు ముక్క పెట్టింది. "ఇందులో డేటా ఎప్పుడు పోతుంది? రద్దీ ఎక్కువైతే. అందుకే పంపే కంప్యూటర్‌కి ఒక అలవాటు. ఒక ప్యాకెట్ పోయిందంటే ముందు రద్దీగా ఉందనుకుని వేగం సగానికి తగ్గించేస్తుంది. వైర్ మీద అది మంచి అలవాటే. కానీ వైర్ అయిపోయి వైర్‌లెస్ మొదలైతే? అక్కడ ప్యాకెట్ పోయేది రద్దీ వల్ల కాదు. వాన, గాలి, ఊగే పడవ. పంపేవాడికి ఆ తేడా తెలీదు. పోయిందంటే తగ్గించు, పోయిందంటే తగ్గించు. చివరికి ఎడ్లబండి నడక."

"నాగబాబు ఆ రెంటి మధ్య బాక్స్ పెట్టాడు."

"సరిగ్గా అతుకు దగ్గర. టవర్ కింద, ఫైబర్ ఆగి గాలి మొదలయ్యే చోట. వైర్ వైపు నుంచి ఏది వచ్చినా రేవు తన దగ్గర కాపీ ఉంచుకుని, వెంటనే 'అందింది' అని రసీదు ఇచ్చేస్తుంది. పంపేవాడు వేగం తగ్గించడు. గాలి వైపు ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు రేవే మళ్ళీ పంపుతుంది. తిప్పలన్నీ అది పడుతుంది."

"బుల్లమ్మత్త పని" అన్నాడు త్రినాథ్.

"ఎవరావిడ?"

"నాగబాబు తల్లి. మోకాలి లోతు కెరటాల్లో నిలబడి పడవలోంచి గంపలు అందుకుంటుంది. గంప చేతికి తగలగానే 'సేరింది' అని అరుస్తుంది. పడవ తిరిగిపోతుంది. లారీ దాకా మోసేది, కెరటం లాక్కుంటే దిగి తెచ్చుకునేది ఆవిడే. వాడు అది చూస్తూ పెరిగాడు."

ధనలక్ష్మి కళ్ళజోడు సర్దుకుంది. "ఇక అసలు సంగతి. తూర్పు తీరం రాడార్ల మ్యాప్ దొంగతనమైంది. ఏ రాడార్ ఎక్కడ గుడ్డిదో చెప్పే మ్యాప్. చాలా పెద్ద ఫైల్. కొన్నవాళ్ళు విదేశీ ముఠా, చేపల ట్రాలర్ వేషంలో సముద్రంలో కాచుకుని ఉన్నారు. మామూలు వైర్‌లెస్‌లో పంపాలంటే పొద్దస్తమానం పడుతుంది. అంతసేపు గాలిలో ఉంటే మనవాళ్ళు పసిగట్టేస్తారు. రేవు మీదుగా అయితే మనిషి భోంచేసి చెయ్యి కడుక్కునే లోపు అయిపోతుంది."

"అందుకే నాగబాబుని..."

"ఒప్పుకోలేదు. అందుకే. ఇప్పుడు టవర్ తాళాలు కాంట్రాక్టర్ నరసింగరావు చేతిలో ఉన్నాయి. పంపేది ఈ మధ్యాహ్నమే."

"టవర్ కరెంటు పీకేద్దాం. వాడిని మేడలోంచి ఈడ్చుకొద్దాం."

"వాయుగుండం ఉంది. దిబ్బలపాలెం పడవలన్నీ నీళ్ళలో ఉన్నాయి. వాటిని ఒడ్డుకి పిలిచేది ఆ టవరే. నరసింగరావు ఈ రోజునే ఎంచుకున్నది అందుకే. మనం టవర్ జోలికి పోమని వాడి ధైర్యం. ఇంకోటి, ఖాళీగా కూర్చున్నవాడిని పట్టుకుంటే సాయంత్రానికి లాయరు వచ్చి పట్టుకుపోతాడు. పంపుతుండగా పట్టుకోవాలి. మన గస్తీ ఓడ చేరేదాకా ట్రాలర్ అక్కడే ఉండాలి. ఫైల్ మాత్రం ట్రాలర్‌కి చేరకూడదు."

"లోపల మనవాళ్ళు ఎవరైనా?"

"భారతి అని ఒకామె ఉంది. మన మనిషి. వాళ్ళ మనిషి కూడా."

"అంటే?"

"రెండు జీతాలు ఒప్పుకుంది. ఏ జీతానికి పనిచేస్తోందో ఇంకా తేలలేదు."

ఆవిడ డ్రాయర్ తెరిచింది. ఏసీ మెకానిక్ యూనిఫాం, పెట్టుడు మీసం. పట్టీలో సన్నటి బ్లేడు దాచిన చెప్పులు. ఒక చుట్ట. "చుట్టలో మైక్ ఉంది. ఆ గదిలో పలికిన ప్రతి మాటా నాకు వినిపిస్తుంది. సాక్ష్యం అదే. జాగ్రత్త, వెలిగించకు."

త్రినాథ్ లేచాడు.

"నైన్‌టీన్. నీ పగ ఇక్కడ వదిలేసి వెళ్ళు."

"ఇక్కడ చోటు చాలదు మేడమ్" అన్నాడు త్రినాథ్.

* * *

దిబ్బలపాలెంలో ఆకాశం సీసం రంగులో ఉంది. గాలికి ఇసుక లేచి మొహాన్ని కొడుతోంది. పడవలు ఒకటొకటిగా ఒడ్డెక్కుతున్నాయి. నీళ్ళంచున, చీర గోచీపోసి కట్టిన ఆడవాళ్ళు గంపలు అందుకుంటున్నారు. వాళ్ళ ముందు వరసలో బుల్లమ్మ.

పెట్టుడు మీసం ఆవిడ దగ్గర చెల్లలేదు.

"ఓలమ్మో, తినాదూ! ఈ మూతి మీద గొంగలిపురుగేట్రా?"

"అత్తా, మెల్లగా. పని మీద వచ్చాను." త్రినాథ్ గొంతు తగ్గించాడు. "మావేడీ?"

ఆవిడ సముద్రంలోకి గడ్డం చూపింది. కెరటాల అవతల ఒక నల్ల చుక్క. "అదే మీ మావ. వస్తన్నాడు. పడవలో వైర్‌లెస్ సెట్టులో టవరోళ్ళు పిలిస్తే ఇంటాడు గాని పలకడు. మిగిలినోళ్ళందరూ బొత్తాం నొక్కి 'ఇన్నాం' అంటారు. ఈ మనిసి నొక్కడు. కొడుకు ఎట్టిన సెట్టు కదా. ఆడు పోయిన కాడినుంచీ దాన్తో మాటల్లేవు."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. ఉప్పునీళ్ళే కదా, గాలికి ఆరిపోయాయి. అంతలో త్రినాథ్ జేబులోంచి తొంగిచూస్తున్న చుట్ట కంటబడింది. చటుక్కున లాగేసింది.

"అత్తా! అది కాల్చేది కాదు!"

"కాల్సనులేరా. తడి సేతులు, అగ్గిపెట్టి కూడా లేదు. నోట్లో ఎట్టుకుంటాను, అంతే." చుట్టని దవడకి ఆనించి పెట్టుకుంది.

వాదించే వీల్లేదు. టవర్ వైపు నుంచి ఇద్దరు మనుషులు ఇటే చూస్తున్నారు. శాఖవారి ఖరీదైన మైక్‌ని బుల్లమ్మ నోట్లో వదిలేసి, త్రినాథ్ ఏసీ టూల్స్ సంచీ భుజాన వేసుకుని టవర్ వైపు నడిచాడు.

టవర్ ఉన్నది తన తోటలోనే. సరుగుడు చెట్టు ఒక్కటి లేదు. అంతా చదును చేసి కంకర పోశారు. మధ్యలో టవర్, దాని కింద సిమెంటు గది. గది గుమ్మంలో పులిగోరు గొలుసు తడుముకుంటూ నరసింగరావు నిలబడి చూస్తున్నాడు. త్రినాథ్ తల దించుకుని, మెకానిక్ నడకతో కంకర మీద అడుగులు వేశాడు. ఒకచోట కుడికాలు కొంచెం ఎత్తుగా లేపి, దాటి, అవతల వేశాడు.

నరసింగరావు పకపకా నవ్వాడు.

"పట్టుకోండ్రా ఆడిని!"

రెండు తుపాకులు త్రినాథ్ ఛాతీకి ఆనాయి. నరసింగరావు తీరిగ్గా వచ్చి మీసం పీకేశాడు.

"నువ్వా! ముసిలోడి కొడుకువి! ఏసం బాగానే ఏసినావు గాని, నీ కాలు నిన్ను పట్టించీసిందిరా. అక్కడ గట్టు ఉండేది. నాను ఎప్పుడో దున్నించీసినాను. గట్టు లేని కాడ కాలెత్తి దాటినోడు ఎవడై ఉంటాడు? ఆ బూమిలో పుట్టినోడే!"

త్రినాథ్ వెనక్కి తిరిగి చూశాడు. నిజమే. చదునైన కంకర. చిన్నప్పటినుంచీ దాటిన గట్టుని కాలు ఇంకా మరిచిపోలేదు. పరాయి దేశాల్లో ఎన్నో చెకింగులు తప్పించుకున్న ఏజెంట్ నైన్‌టీన్, సొంత నేల మీద దొరికిపోయాడు.

* * *

గదిలో ఏసీ చలి. గోడకి ఆనించిన ర్యాకులో ఆకుపచ్చ దీపాలతో ఒక నల్ల పెట్టె. రేవు. దాని పక్కన రెండు స్క్రీన్‌లు. స్క్రీన్‌ల ముందు కుర్చీలో భారతి.

నెమలికంఠం రంగు చీర. గదిలో కూడా నల్ల కళ్ళద్దాలు. ఇసుకలో నడవడానికి పనికిరాని ఎత్తు మడమల చెప్పులు. ఆవిడ సెంటు వాసన చేపల రేవు వాసనని తలుపు దగ్గరే ఆపేస్తోంది. త్రినాథ్‌ని చూసి పెదవి విరిచింది.

"ఇతనా? ఫోటోలో ఇంకొంచెం పొడుగ్గా ఉన్నాడు."

నైలాన్ తాడుతో త్రినాథ్ చేతులు వెనక్కి విరిచి కట్టి, నేల మీద కూలేశారు. ఒక తుపాకీ మనిషి గదిలో, ఇంకొకడు తలుపు బయట. నరసింగరావు శాటిలైట్ ఫోన్ టేబుల్ మీద పెట్టాడు.

"సూడరా. మీ బావ సేసిన పెట్టె. మీ అయ్య ఇచ్చిన బూమి. నా యాపారం. అమ్మా బారతీ, కానియ్యి."

భారతి మీట నొక్కింది. మొదటి స్క్రీన్ మీద ఒక గీత పాకడం మొదలైంది. దాని పక్కన తెలుగు అక్షరాలు మెరిశాయి. అందింది. అందింది. అందింది. నాగబాబు రాసిన అక్షరాలు. త్రినాథ్ కాళ్ళు వెనక్కి మడిచి, చెప్పు పట్టీని వేళ్ళతో వెతుకుతున్నాడు. గీత సగం దాటింది. బ్లేడు దొరికింది. తాడు ఒక పోగు తెగింది. గీత చివరికంటా పాకి ఆగిపోయింది.

'మొత్తం అందింది.'

నరసింగరావు చప్పట్లు కొట్టి ఫోన్ తీశాడు. "కేప్టెన్! ఫైలు సేరిపోనాది! ఇంక నా సొమ్ము..."

ఫోన్‌లోంచి పొడి గొంతు. "నథింగ్. నో ఫైల్."

"ఏటి నథింగు? నా ఎదర ఇక్కడ రాసున్నాది. అందింది అని!"

"ఐ హావ్ జీరో."

నరసింగరావు భారతి వైపు తిరిగాడు. ఆవిడ రెండో స్క్రీన్‌ని ఇటు తిప్పింది. "'అందింది' అన్నది రేవు. ట్రాలర్ కాదు. ఫైల్ మొత్తం ఈ పెట్టెలో ఉంది. ఇక్కడినుంచి గాలిలోకి ఒక్క ముక్క వెళ్ళలేదు."

"ఎందుకెల్లలేదు?"

"ఇది చూడండి." స్క్రీన్ మీద పడవల పేర్లు. అన్నిటి పక్కనా పచ్చ దీపం. ఒక్కదాని పక్కన ఎరుపు. "తుపాను పిలుపు మోగుతోంది. ప్రతి పడవా బొత్తాం నొక్కి 'విన్నాం' అనాలి. అందరూ అనేదాకా రేవు పిలుస్తూనే ఉంటుంది. అప్పటిదాకా వేరే దేన్నీ గాలిలోకి వదలదు. నాగబాబు తండ్రి పడవ ఇంకా పలకలేదు. కూర్మయ్య."

రేవులో పడవలదే మొదటి వంతు. ఎవడొచ్చినా లైన్లో నిలబడాల్సిందే. నాగబాబు ఆఖరి మాట త్రినాథ్‌కి అప్పుడు పూర్తిగా అందింది. బావ చావబోతూ కబుర్లు చెప్పలేదు. తాళం ఎక్కడుందో చెప్పాడు.

"ఆ రూలు మార్చీ!" అరిచాడు నరసింగరావు.

"పాస్‌వర్డ్ నాగబాబు దగ్గర ఉండేది."

"ఆడేడీ?"

"మీరే పంపించేశారు కదండీ, ట్యాంకర్ ఇచ్చి" అంది భారతి, గోళ్ళరంగు చూసుకుంటూ.

నరసింగరావు మొహం కందగడ్డయింది. "ఆడు నా మాట ఇనుంటే నానెందుకు ట్యాంకర్ ఎడతాను? ఇంజినీరని ఇర్రవీగాడు. ఆడి బాబు కూడా ఆడి లాంటోడే. ఒరే, ఆ ముసిల్దాన్ని లాక్కురండ్రా! మొగుడు పలక్కపోతే పెళ్ళాం సేత పలికిద్దారి!"

బుల్లమ్మని రెక్క పట్టుకుని తెచ్చారు. తడిసిన చీర, చేతులకి పొలుసులు. దవడన అదే చుట్ట. మైక్ తనంతట తనే నడిచి గదిలోకి వచ్చింది.

"ఈ సలిగదిలో ఏటి పని బాబూ నాకు?" అందావిడ. తర్వాత నేల మీద త్రినాథ్‌ని చూసింది. చుట్ట కొసని కొరికింది.

నరసింగరావు పిస్తోలు తీసి ఆవిడ చెవి దగ్గర పెట్టాడు. "మీ ఆయన సెట్టులో పలకాల. బొత్తాం నొక్కమని సెప్పు. లేకపోతే నీ కొడుకు దగ్గరికే నిన్నూ పంపిస్తాను."

బుల్లమ్మ వాడి వైపు తల తిప్పింది. "నా కొడుకుని పంపింది నువ్వా?"

"నానే! అయితే ఏటి? పిలు!"

పడవల్ని పిలిచే మైక్ ఆవిడ మూతి దగ్గరికి జరిపారు. ఆవిడ "ఓలయ్యా..." అని మొదలుపెట్టబోయింది. భారతి చెయ్యి అడ్డం పెట్టింది.

"అలా కాదు. సెట్‌లో పేరు ఉంటుంది. పేరు పెట్టి పిలవాలి. అప్పుడే పలుకుతుంది."

ఆ సెట్టులో అలాంటిది ఏమీ లేదు. త్రినాథ్ తలెత్తి ఆవిడ వైపు చూశాడు. నల్ల కళ్ళద్దాల వెనక ఏముందో కనిపించలేదు. నరసింగరావు మాత్రం తలూపాడు.

"పేరెట్టే పిలువే! ఒడ్డు మీద నిలబడి గొంతు సించుకుని పాటలు పాడి సేపలమ్మేదానివి. నీకు మొగుడి పేరు దగ్గర సిగ్గేటి?"

వాడి పొరపాటు అదే. ముప్ఫై ఏళ్ళు ఆ రేవులో చేపలు కొన్నాడు. ఆ ఆడవాళ్ళ కేకలు విన్నాడు, తిట్లు విన్నాడు. ఆ గొంతులకి కూడా ఒక మర్యాద ఉంటుందని వాడికి తోచలేదు. బుల్లమ్మ పెళ్ళయినప్పటినుంచీ మొగుడిని 'ఓలయ్యా' అంది, 'ఏటయ్యో' అంది, 'నాగబాబు బాబూ' అంది. రేషన్ షాపులో మొగుడి పేరు అడిగితే పక్కావిడని చెప్పమంది. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆ పేటలో చిన్నపిల్లకి కూడా తెలుసు. సముద్రంలో ఉన్నవాడి పేరైతే మరీను.

బుల్లమ్మ భారతిని చూసింది. త్రినాథ్‌ని చూసింది. చుట్టని ఈ దవడనుంచి ఆ దవడకి మార్చింది. గొంతు సవరించుకుంది.

"కూర్మయ్యా! ఒరే కూర్మయ్యా! పలకరా!"

సముద్రం మీద, కెరటాలు విరిగే గీతకి కొంచెం ఇవతల, కూర్మయ్య చేతిలో చుక్కాని ఆగిపోయింది. సెట్టు వైపు తిరిగి చూశాడు. ఆ గొంతు తన పెళ్ళాందే. ఆ మాట తన పెళ్ళాంది కాదు. ఆ మాట ఆవిడ చేత అనిపించడానికి ఎవడో గొంతు మీద కత్తి పెట్టి ఉండాలి.

బొత్తాం నొక్కలేదు. చుక్కాని టవర్ వైపు తిప్పి, ఇంజను పూర్తిగా వదిలాడు.

* * *

గదిలో ఎరుపు దీపం ఎర్రగానే ఉంది.

శాటిలైట్ ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి కేప్టెన్ ఇంగ్లీషు ఇంకా మెల్లగా ఉంది. "మీ వైపు రసీదు డెలివర్డ్ అంటోంది. నా దగ్గర ఏమీ లేదు. అంటే నువ్వు వేరే వాళ్ళకి అమ్మేశావు. మాకు ఇలాంటివాళ్ళని వెతకడం తెలుసు, మిస్టర్ రావ్."

"లేదు కేప్టెన్! ఒట్టు! ఒక్క నిమసం ఆగండి, వచ్చేస్తాది! కదలకండి!" నరసింగరావు చెమట తుడుచుకుని భారతిని నెట్టి కుర్చీలో కూర్చున్నాడు. "ఆ పడవ పేరు నొక్కితే ఏటవుతాది?"

ఆవిడ చెప్పకముందే నొక్కాడు. స్క్రీన్ మీద ఒక చిన్న ప్రశ్న వచ్చింది. నాగబాబు ఇష్టం లేకుండానే పెట్టి ఉంటాడు.

'ఈ పడవ మునిగిపోయిందా? అవును / కాదు.'

నరసింగరావు కళ్ళు మెరిశాయి. "అదీ! మునిగిపోనాదంటే ఇంక పిలవదు. లైను కాళీ."

"ఒరే, నా పెనిమిటి మునిగిపోనేదు!" అరిచింది బుల్లమ్మ.

"కాగితం మీద మునిగితే సాల్లే" అన్నాడు నరసింగరావు. కాగితం మీద మనుషుల్ని ముంచడం వాడికి పాత విద్య.

ఆఖరి పోగు తెగింది. త్రినాథ్ లేచాడు. తుపాకీ మనిషి ఇటు తిరిగేలోపే భారతి ఎత్తు మడమ వాడి పాదంలోకి దిగింది. వాడు వంగాడు. ఆవిడ మోచెయ్యి వాడి మెడ మీద పడింది. తుపాకీ ఆవిడ చేతికి వచ్చింది. త్రినాథ్ కుర్చీ మీదికి దూకాడు. నరసింగరావు ఎడంచేత్తో పిస్తోలు పేల్చాడు. గుండు త్రినాథ్ భుజాన్ని చీల్చుకుపోయి ఏసీకి తగిలింది. ఇద్దరూ టేబుల్ మీద పడ్డారు. నరసింగరావు బలం తిన్న బలం. త్రినాథ్‌ని కాలితో తన్ని, కుడిచెయ్యి మీటల మీదికి చాచాడు. చూపుడువేలు 'అవును' మీద వాలబోతోంది. బయట తుపాకీ మనిషి కేక ఒకటి వినిపించి, సగంలో తెగిపోయింది.

తలుపు తెరుచుకుంది.

"ఎవడ్రా మునిగిపోనాడు?"

గుమ్మంలో కూర్మయ్య. తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు కారుతున్నాయి. చేతిలో విసురువల. ఆ చెయ్యి జీవితంలో ఎన్నిసార్లు తిరిగిందో అలాగే తిరిగింది. వల గాలిలో గుండ్రంగా విప్పారింది. నరసింగరావు మీద పడి, సీసపు గుళ్ళ బరువుతో బిగిసింది. వేలు మీటకి వెంట్రుకవాసి దూరంలో, వల కన్నులో ఇరుక్కుని ఆగిపోయింది. కూర్మయ్య తాడు ఒక్క లాగు లాగాడు. కుర్చీతో సహా నరసింగరావు నేల మీద పడ్డాడు.

కూర్మయ్య పెళ్ళాం వైపు తిరిగాడు. "పేరెట్టి పిలుత్తావేటే? పైగా ఒరే అని!"

"ఆడు పిలవమన్నాడు. ఒరే మాత్రం నానే అన్నాను" అంది బుల్లమ్మ.

* * *

గస్తీ ఓడ ట్రాలర్‌ని చుట్టేసరికి అది లంగరు వేసుకుని, రాని ఫైల్ కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. రసీదు వచ్చింది కదా, సరుకు రాకపోతుందా అని.

గదిలో త్రినాథ్ నెత్తురు కారే భుజంతో, చేతిలో పిస్తోలుతో నరసింగరావు పక్కన గొంతుక్కూర్చున్నాడు. వలలోంచి వాడి ఒక కన్నే కనిపిస్తోంది.

"బాబూ, తినాదు బాబూ, నన్ను జైల్లో ఎట్టీ. పెద్ద గోడలున్న జైల్లో ఎట్టీ. ఆ కేప్టెన్ మనుసులు నన్ను ఒగ్గరు. నాను మోసం సేసేననుకుంటన్నారు. అందింది అని ఉన్నాది గాని ఆళ్ళకి అందలేదు. నానేటి సేసేది!"

"మా నాన్నకి కూడా అలాగే అందలేదు" అన్నాడు త్రినాథ్. "ముట్టినది అని నువ్వే రాయించావు. గుర్తుందా?"

ఆ కన్ను మూసుకుంది. త్రినాథ్ వేలు ట్రిగర్ మీద ఉంది. చాలాసేపే ఉంది. బుల్లమ్మ వచ్చి వల తాడు అందుకుంది.

"లెగు. ఇది రేవు సరుకు. ఒడ్డుకి లాగాల. ఒసే, రండే! పట్టండే!"

ఆడవాళ్ళు వచ్చారు. పెద్ద చేపని లాగినట్టే, హైలెస్సా అంటూ, కంకర మీదుగా, ఇసుక మీదుగా, లేని గట్టు మీదుగా నరసింగరావుని ఈడ్చుకుపోయారు. పులిగోరు ఎక్కడో తెగి పడింది. చేపలు వేలంపాట పెట్టే చోట దింపి బుల్లమ్మ చుట్టని చేత్తో పట్టుకుని గొంతెత్తింది.

"నరసన్నపేట సరుకు! ఎంతకి పాట?"

ఎవరూ పలకలేదు.

"ఒసే, ఎంతోకొంతకి పాడండే!"

"కుళ్ళిపోనాది పిన్నీ" అంది ఒకామె ముక్కు మూసుకుని. "ఐసు ఎట్టినా ఆగదు."

ఒకప్పుడు లారీ పక్కన నిలబడి వాడు అన్న మాటలే అవి. వాళ్ళ చేపల ధర సగానికి కోసిన మాటలు. పోలీసు జీపు వచ్చేదాకా ఆ పాట సాగింది. జీపెక్కడానికి అంత తొందరపడిన ముద్దాయిని ఆ పోలీసులు ముందెన్నడూ చూడలేదు.

భారతి చెప్పుల్లోంచి ఇసుక దులుపుకుంటోంది. త్రినాథ్ దగ్గరికి వెళ్ళాడు. "నాగబాబు సంగతి నీకు ముందే తెలుసా?"

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. మొదటిసారి. "ట్యాంకర్ బయల్దేరాక తెలిసింది. ఫోన్ చేశాను. ఎంగేజ్ వచ్చింది. నీకే మెసేజ్ పెడుతున్నాడు."

త్రినాథ్ వంగి ఆవిడ రెండో చెప్పు అందించాడు. "ఇంతకీ నువ్వు ఏ జీతానికి పనిచేశావు?"

"రెండూ రాలేదు ఇంకా" అని కళ్ళద్దాలు పెట్టేసుకుంది.

* * *

మర్నాడు జిరాక్స్ సెంటర్ పైగదిలో ధనలక్ష్మి రికార్డింగ్ ఆపింది.

"సాక్ష్యం బ్రహ్మాండంగా ఉంది. హత్య ఒప్పుకున్నాడు. అమ్మకం ఒప్పుకున్నాడు. మధ్యలో ఆ నమిలే చప్పుడు ఏమిటో కోర్టుకి నువ్వే చెప్పుకోవాలి."

"చెప్పుకుంటాను మేడమ్. ఆ భూమి..."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అలా తుడుచుకుంటే మంచి వార్త కాదని శాఖలో అందరికీ తెలుసు.

"రేవు ఉన్న చోటు కదా. నిన్న సాయంత్రం నుంచి అది రక్షిత ప్రాంతం. టవర్ కదలడానికి వీల్లేదు. పడవలు దాని మీదే ఆధారపడి ఉన్నాయి, నీకూ తెలుసు. పరిహారం వస్తుంది. ఢిల్లీ నుంచి రావాలి. ముందు ఇక్కడ సంతకం పెట్టేస్తే ఫైలు కదులుతుంది."

కాగితం ముందుకి జరిపింది. త్రినాథ్ చదివాడు. 'పరిహారం యావత్తూ ముట్టినది' అని ఉంది.

సంతకం పెట్టకుండానే పెన్నుకి మూత పెట్టి, కాగితం మీద అడ్డంగా ఉంచి లేచాడు.

"నైన్‌టీన్! దేశానికి దక్కిందిగా. ఎంతని? ఏపాటి స్థలం అది?"

త్రినాథ్ మెట్ల మీద ఆగి, కట్టు కట్టిన భుజం సర్దుకున్నాడు.

"ఎకరా పద్నాలుగు సెంట్లు మేడమ్."